షేరు బిజినెస్ వార్త, చావు జిల్లా వార్త

ఎవరి లెక్కలు? - 9



సబ్ ప్లాన్ నిధుల మీద గత భాగం చదివి కొందరు విద్యార్థులు ఒక మాట అడిగారు. టీవీల్లో బిజినెస్ రిపోర్టింగ్‌కు ఏటా ఇన్ని అవార్డులు ఇస్తున్నారు కదా, ఆ అవార్డులు తీసుకున్నవాళ్లకు మన లెక్కలు ఎందుకు కనబడవు అని. మంచి ప్రశ్న. ఈ భాగం దాని మీదే.

ముందు మన నేల మీద జరిగిన ఒక సంగతి గుర్తు చేస్తాను.

2010 ఆగస్టు. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్ ఎక్కింది. షేరు ధర 985 రూపాయలు. అమ్మకానికి పెట్టిన షేర్లకు 13 రెట్లకు పైగా గిరాకీ వచ్చింది. బిజినెస్ చానెళ్లకు అది పండగ. పేదలకు అప్పులిచ్చి లాభాలు కూడా తీయొచ్చని చర్చల మీద చర్చలు.

ఆ కంపెనీకి ఉన్న ఆస్తి ఏమిటి? ఫ్యాక్టరీ లేదు, గని లేదు. మన అమ్మలు, అక్కలు వారం వారం గ్రూపు మీటింగులో కూర్చుని కట్టే కిస్తీలే దాని ఆస్తి. గ్రూపులో ఒకామె కట్టలేకపోతే ఆ భారం మిగతావాళ్ల మీద పడుతుంది. అందుకే కిస్తీ తప్పిన మనిషి గుమ్మం ముందు ఏజెంటుతో పాటు ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా నిలబడాల్సి వచ్చేది. పరువు తాకట్టు పెట్టించుకుని ఇచ్చే అప్పు అది.

అదే ఏడాది పల్లెల్లో ఆ వసూళ్ల ఒత్తిడికి మనుషులు ఉరి పోసుకున్నారు, పురుగుమందు తాగారు. అక్టోబర్ 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి మైక్రోఫైనాన్స్ వసూళ్లకు పగ్గాలు వేసింది. షేరు మార్కెట్లో లిస్టయింది ఆగస్టు 16న. మధ్యలో రెండే నెలలు.

ఆ చావులను టీవీ చూపించలేదని నేను అనను. చూపించింది. ఎక్కడ చూపించింది అన్నదే నా ప్రశ్న. షేరు ధర బిజినెస్ బులెటిన్‌లో వచ్చింది. చావు జిల్లా వార్తల్లో, క్రైమ్ వార్తల్లో వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే డబ్బు, రెండు అరలు. ఊరికీ వాడకూ మధ్య ఉన్న గీతే న్యూస్ రూములో కూడా ఉంది. షేరు గురించి మాట్లాడినాయన ఆర్థిక నిపుణుడు. శవం దగ్గర కెమెరా పట్టుకుని నిలబడ్డ కుర్రాడు స్ట్రింగర్. అవార్డుకు ఎవరి ఎంట్రీ వెళ్తుందో వేరే చెప్పాలా?

2012 ఫిబ్రవరిలో అసోసియేటెడ్ ప్రెస్ ఒక కథనం ఇచ్చింది. కంపెనీ కోసం జరిపిన విచారణల్లోనే దాని సిబ్బంది తీరుకూ కొన్ని ఆత్మహత్యలకూ సంబంధం ఉన్నట్టు తేలిందని అందులో ఉంది. కంపెనీ దాన్ని ఖండించింది. అప్పటికే 985 రూపాయల షేరు విలువ కుప్పకూలింది. అంటే వసూళ్లు ఎలా జరుగుతున్నాయన్నది జాలి కథ ఎంతమాత్రం కాదు, ఆ కంపెనీ గురించి అడగాల్సిన మొదటి బిజినెస్ ప్రశ్న అదే. వాడలోకి వెళ్లి ఆ ప్రశ్న అడగని టీవీ, షేరు కొన్నవాడికి కూడా మేలు చేయలేదు.

ఇప్పుడు అవార్డుల దగ్గరికి వద్దాం. అమెరికాలో ఆర్థిక జర్నలిజానికి పేరున్న జెరాల్డ్ లోబ్ అవార్డులను 1957లో పెట్టింది ఒక స్టాక్ బ్రోకర్. మదుపరికీ సామాన్య ప్రజలకూ సమాచారమిచ్చి కాపాడే రిపోర్టింగ్‌ను ప్రోత్సహించడం వాటి లక్ష్యం. మాటల్లో ఇద్దరూ ఉన్నారు. ముందున్నది మాత్రం మదుపరి.

మన దేశంలో 2006లో మొదలైన రామ్‌నాథ్ గోయెంకా అవార్డులు చూడండి. పత్రికలకూ టీవీకీ ఇస్తారు. అందులో బిజినెస్, ఎకనమిక్ జర్నలిజానికి ఒక విభాగం ఉంది. 'అన్‌కవరింగ్ ఇండియా ఇన్‌విజిబుల్' అని ఇంకో విభాగం ఉంది, అంటే కనబడని భారతదేశాన్ని చూపించడం. ఆ రెండో విభాగం పెట్టినందుకు సంతోషమే. కానీ ఆలోచించండి: మనం ఎవరికి కనబడం? మనకు మనం కనబడుతూనే ఉన్నాం కదా! కూలి రేటు, అప్పు వడ్డీ, కౌలు, పారిశుధ్య కార్మికుల కాంట్రాక్టు, ఇవన్నీ ఆర్థిక విషయాలే. వాటిని 'కనబడని' అరలో పెట్టి, సెన్సెక్స్‌ను 'ఎకనమిక్' అరలో పెడితే, ఎకానమీ వాళ్లదీ కష్టాలు మనవీ అయిపోతాయి.

అరలు ఎవరు సర్దుతున్నారో కూడా చూడాలి. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని సర్వే చేస్తే ఒక్క ఎస్సీ, ఒక్క ఎస్టీ కూడా లేరు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ నివేదిక 121 నాయకత్వ స్థానాలు లెక్కపెట్టింది. 106 మంది అగ్రకులాలవాళ్లు. మనవాళ్లు మళ్లీ సున్నా. పదమూడేళ్లలో సెన్సెక్స్ ఎక్కడికో పోయింది, ఈ సున్నా మాత్రం కదల్లేదు.

అవార్డులే వద్దని నేను అనను. అవార్డు వచ్చిన రిపోర్టర్‌కు ఆఫీసులో నోరు వస్తుంది. యజమానికి నచ్చని కథనం మీద ఇంకో నెల పని చేసే ధైర్యం వస్తుంది. కాబట్టే ఆ బలం ఎవరి చేతికి పోతోందో అడగాలి. జ్యూరీలో ఎవరున్నారు? స్పాన్సర్ ఎవరు? ఆ స్పాన్సర్ మీద కథనం చేసినవాడికి ఆ వేదిక మీద చోటుందా? అప్పుల వేధింపు మీద జిల్లా స్ట్రింగర్ చేసిన కథనాన్ని ఎకనమిక్ విభాగంలో తీసుకుంటారా?

డబ్బు లెక్కలు మనకు తెలియవనే మాట నమ్మకండి. 1920లో మూక్‌నాయక్ పత్రిక పెట్టిన మనిషే 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం రాశాడు. పత్రిక నడపడం, ద్రవ్య విధానం మీద వాదించడం బాబాసాహెబ్‌కు రెండు వేరు పనులు కాలేదు.

జర్నలిజం, ఎకనామిక్స్ చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక పని చెబుతాను. ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ రోజు నలుగురు కలిసి కూర్చోండి. తలా ఒక చానెల్ పంచుకోండి. ఆదాయపు పన్ను శ్లాబుల మీద ఎన్ని నిమిషాలు మాట్లాడారో రాయండి. బడ్జెట్ వ్యయ పత్రాల్లో ఎస్సీల కేటాయింపులు చూపే 10ఏ, ఎస్టీల కేటాయింపులు చూపే 10బీ స్టేట్‌మెంట్ల మీద ఎన్ని నిమిషాలు మాట్లాడారో రాయండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మీ పేర్లతో పోస్టు చేయండి. అవార్డు ఇచ్చే సంస్థలకు కూడా పంపండి.

వచ్చే భాగంలో ఆ 10ఏ స్టేట్‌మెంట్‌ను ఎలా చదవాలో చెప్పుకుందాం.

జై భీమ్!