త్రోవలోని ప్రాణమునకు పూచీ యెవరిది?

108 అను అంకె నేడు మన రెండు రాష్ట్రములలోను అక్షరము రాని ముసలమ్మకు సైతము కంఠస్థము. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదునందు ఆరంభమైన ఆ సేవ పిమ్మట దేశమందలి పెక్కు రాష్ట్రములకు వ్యాపించినది. తెలుగునేల దేశమునకు చేసిన మేళ్లలో దీనిని లెక్కించుట అతిశయోక్తి కానేరదు. పొలముగట్టున పాము కరచినవాడు, రహదారిపై లారీ క్రింద నలిగినవాడు, నడిరేయి నొప్పులుపడు నిండుచూలాలు, వీరందరికిని పిలిచిన వచ్చు బండి యొకటి కలదను ధైర్యము సామాన్యమైనది కాదు. ఆ బండిలో పైలటని పిలువబడు డ్రైవరును, టెక్నీషియనగు ఒక యువకుడో యువతియో ఉందురు. వారి శ్రమ అపారము. మేము వ్రాయబోవు మాటలలో వారిని గూర్చిన నింద లేశమును లేదు.

మేమడుగు ప్రశ్న వేరు. ఆ బండి రోగి యింటి ముంగిట నిలిచినది మొదలు ఆసుపత్రి గుమ్మము చేరువరకు జరుగు వైద్యమునకు పూచీదారుడైన వైద్యుడెవడు? ఆసుపత్రిలో మంచము మంచమునకు ఒక వైద్యుని పేరు వ్రాసియుండును. శస్త్రచికిత్స చెడినచో ఎవరిని ప్రశ్నింపవలయునో రోగి బంధువులెరుగుదురు, న్యాయస్థానమెరుగును. త్రోవలో గడచిన నలువది నిమిషములకు మాత్రము పేరు లేదు. పిలుపు కేంద్రమున కూర్చుండి టెక్నీషియనుకు ఫోనులో సలహా చెప్పు వైద్యులున్నమాట నిజమే. ఆ యేర్పాటు మంచిదే. కాని గతుకుల బాటలో, ఊగిసలాడు దీపము క్రింద, ఏడ్చుచున్న బంధువుల నడుమ నరము వెదకి సూది గ్రుచ్చుట యెట్టిదో ఆ వైద్యునికి నేర్పిన బడి యేది?

అట్టి బడి అమెరికా సంయుక్త రాష్ట్రములలో కలదు. వైద్యశాఖలను గుర్తించు అచ్చటి ప్రధాన మండలి 2010లో ఎమర్జెన్సీ మెడికల్ సర్వీసెస్‌ను ప్రత్యేకమైన ఉపశాఖగా అంగీకరించినది. 2013లో మొదటి పరీక్ష జరిగినది. అత్యవసర వైద్యమునందో, తగిన మరియొక మూలశాఖయందో శిక్షణ ముగించిన వైద్యుడు అటుపైని ఒక యేడాది ఫెలోగా నుండవలయును. ఆ యేటిలో హెచ్చుభాగమాతడు వీధిలోనే గడపును. అంబులెన్సులో తిరుగును, అగ్నిమాపక దళముతో పోవును, నుజ్జైన కారులో కాలిరుకుకొన్న మనిషిని బయటికి లాగకమునుపే నొప్పిని, రక్తస్రావమును నిలుపుట నేర్చును. గుండె యాగి కూలినవాని ప్రక్కనున్న కొడుకుచేతనో కోడలిచేతనో ఫోనులో మాటలు చెప్పి రొమ్ము నొక్కించుట యెట్లో పిలుపు కేంద్రమున కూర్చుండి అభ్యసించును. ఆ నొక్కుడు లేనిచో విద్యుదాఘాతముతో బ్రదుకగల గుండెకు సైతము నిమిష నిమిషమునకు నూటికి ఏడు నుండి పది పాళ్ల ఆశ తరుగునని వైద్యుల లెక్క. బండి యెంత వేగముగా పరుగిడినను ఆ లెక్కతో పందెము వేయజాలదు.

ఫెలోకు నేర్పు పెత్తనము రెండు విధములు. మొదటిది ప్రత్యక్షము: సంఘటన స్థలముననో, ఫోనుమీదనో నిలిచి అప్పటికప్పుడు ఆజ్ఞ యిచ్చుట. రెండవది పరోక్షము: టెక్నీషియను ఏ లక్షణమునకు ఏమి చేయవలయునో ముందుగా నియమావళి వ్రాయుట, వారికి పాఠము చెప్పుట, జరిగిన ప్రయాణముల చిట్టాలను తిరిగి చదివి తప్పెక్కడ దొరలెనో కనిపెట్టుట. సామాన్యులు మొదటిదానినే వైద్యమనుకొందురు. మా అభిప్రాయమున రెండవదియే బలవత్తరము. ఏలయన, మంచి నియమావళి యొకటి వైద్యుడు నిద్రపోవుచున్నపుడును వంద బండ్లలో వైద్యము చేయుచుండును.

అమెరికాకు ఈ బుద్ధి ఊరక పుట్టలేదు. 1966లో ఆ దేశపు నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ప్రమాద మరణములను సమాజము ఉపేక్షించిన వ్యాధిగా వర్ణించుచు ఒక నివేదికను ప్రకటించినది. అప్పటికచట అంబులెన్సులలో సగమునకు దగ్గరగా శవసంస్కారములు జరుపు దుకాణములవారివే. చచ్చినవానిని మోయు బండియే బ్రదికియున్నవానిని గూడ మోయుచుండెను! పిట్స్‌బర్గు నగరములో పోలీసు వ్యానులు ఆ పనిచేయుచుండెను. ఆ నగరమందలి పీటర్ సఫార్ అను మత్తువైద్యుడు, నోటితో ఊపిరియూది బ్రదికించు విధానమును లోకమునకు నేర్పినవారిలో ప్రముఖుడు, 1966లోనే తన చిన్నారి కూతురిని ఉబ్బసమునకు పోగొట్టుకొనెను. మరుసటి యేట ఆయన చేయూతతో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవ వెలసినది. దానికి పనివారెవ్వరు? హిల్ డిస్ట్రిక్టు అను పేదపేటలో పని దొరకక తిరుగు నల్లజాతి యువకులు. చదువురాదని, పనికిరారని సంఘము త్రోసివేసిన ఆ బిడ్డలే నెలల తరబడి శిక్షణపొంది, తెల్లవారి పేటలలో లేని వైద్యమును తమ పేటలో నడిపిరి.

1970ల నడుమ సఫార్ వద్ద తీవ్రచికిత్సలో శిక్షణకు వచ్చిన నాన్సీ కరోలైన్ అను యువవైద్యురాలు ఈ సేవకు వైద్య నిర్దేశకురాలాయెను. ఆమె కుర్చీలో కూర్చుండి చిట్టాలు చూచుటతో తనివినొందక, ఆ యువకులతో బండెక్కి వీధులు తిరిగినది. తిరిగి నేర్చినదానిని పాఠ్యగ్రంథముగా వ్రాసినది. ఫెలోషిప్ అను మాటకు ఇంతకన్న మంచి వ్యాఖ్యానము మాకు కానరాదు. 1975లో నగరపాలకులు తమ సొంత సేవను స్థాపించి ఫ్రీడమ్ హౌసును మూసివేసిరి. క్రొత్త సేవలో ఆ నల్లవారిలో పలువురకు చోటు నిలువలేదు. దారి చూపినవారిని దారి ప్రక్కకు నెట్టుట ఆ దేశమునకు మాత్రమే అబ్బిన విద్య కాదులెండు.

ఇతరదేశముల మాట సంగ్రహముగా చెప్పుదుము. బెల్‌ఫాస్టునందు ఫ్రాంక్ పాంట్రిడ్జి 1966లోనే గుండెజబ్బువారి కడకు వైద్యునితో గూడిన బండిని పంపెను. బ్రిటను 2011లో ఆసుపత్రి వెలుపలి అత్యవసర వైద్యమును ఉపశాఖగా అంగీకరించినది. ఫ్రాన్సులో వైద్యుడే బండిలో పోవును. ఆ ఖర్చు మనము భరింపలేము. భరింపవలసిన యవసరమును లేదు.

వైద్యుడు మోతగాండ్రతో నడచుట మన చరిత్రకు క్రొత్త కాదు. 1899లో దక్షిణాఫ్రికా యుద్ధమున గాంధీజీ కూర్చిన భారతీయ అంబులెన్సు దళమున ఇంచుమించు 1,100 మంది యుండిరి. వారిలో అధికసంఖ్యాకులు ఒడంబడిక కూలీలు. నేటాలునకు అట్లు పోయినవారిలో మన తెలుగువారును కలరు. డోలీలపై గాయపడినవారిని దినమునకు ఇరువది మైళ్లకు పైగా మోసిన ఆ దళమునకు ముందు శిక్షణయిచ్చి, పిదప వెంట నడచినది బూత్ అను వైద్యుడు. శిక్షణయిచ్చినవాడే వెంట నడచెనన్న సంగతిని మా పాఠకులు గమనింతురుగాక.

ఇక న్యాయము మాట. మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము గనుక దీనిని కొంత విస్తరింతుము. 1989లో పరమానంద కటారా వ్యాజ్యెమున సుప్రీంకోర్టు, ప్రాణరక్షణ ప్రతి వైద్యునికిని విధియని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యెమునకు మూలమేమి? కారు గుద్దిన స్కూటరు మనిషిని ఒక ఆసుపత్రి, ఇది పోలీసు కేసని, ఇరువది కిలోమీటర్ల దూరమునున్న వేరొక ఆసుపత్రికి పొమ్మన్నది. అతడు త్రోవలోనే మరణించెను. 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వ్యాజ్యెమున, రైలునుండి పడిన కూలీని ప్రభుత్వాసుపత్రులు వరుసగా త్రిప్పి పంపినందుకు న్యాయస్థానము పరిహార మిప్పించుటయే గాక, అంబులెన్సులందు తగిన పరికరములును వైద్యసిబ్బందియు నుండవలయునని స్పష్టముగా పలికినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినపుడు శాసనకర్తలు గాయము తగిలిన తరువాతి గంటకు ‘గోల్డెన్ అవర్’ అని పేరిడి నిర్వచనమునే వ్రాసిరి. 2025 మే నెలలో, ప్రమాదమునకు గురియైనవారికి ఏడు దినములవరకు ఒకటిన్నర లక్ష రూపాయల చికిత్స నగదు లేకుండ జరుగునట్టి పథకము వెలువడినది.

ఇవన్నియు మెచ్చదగినవే. 2022 ఒక్క సంవత్సరముననే మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించినట్లు కేంద్రప్రభుత్వ లెక్క. ఎంత చేసినను తక్కువయే. అయినను చూడుడు: తీర్పులు ఆసుపత్రి గుమ్మమును తెరపించినవి, పథకము ఆసుపత్రి బిల్లును చెల్లించుచున్నది. చట్టము బంగారమన్న గంటలో హెచ్చుభాగము గడచునదెక్కడ? రోడ్డుమీద. అచ్చట రోగికి హక్కు కలదుగాని, ఆ హక్కునకెదుట నిలిచి జవాబు చెప్పు వైద్యుడు లేడు. వ్యాజ్యెములలో ప్రతివాది పేరు వ్రాయుచోట గీత గీచి విడిచినట్లున్నది.

ఒక్క ఉదాహరణము చాలును. రేపల్లె ప్రాంతపు వరిచేలో కూలీని పాము కరచినది. బండి వచ్చినది. దగ్గరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున విషవిరుగుడు ఎక్కించి పిదప పెద్దాసుపత్రికి కొనిపోవలయునా, తిన్నగా గుంటూరు పరుగిడవలయునా? కరచినది త్రాచో కట్లపామో యైనచో ఊపిరి కండరములు చచ్చుబడును. త్రోవలో శ్వాస నిలుపు నేర్పు కావలయును. రక్తపింజరయైనచో నెత్తురు గడ్డకట్టదు. తీయవలసిన జాగ్రత్త వేరు. ఆ కేంద్రమున రాత్రి వైద్యుడుండునా? మందు నిలువయున్నదా? బాట వర్షమునకు తెగెనా? విషశాస్త్రమొక్కటే తెలిసినవాడును, బాట యొక్కటే తెలిసినవాడును దీనికి నియమము వ్రాయజాలరు. రెండును తెలిసినవాడు కావలయును. పాడేరు మన్యమున బండి పోజాలని తండాలనుండి గర్భిణులను డోలీలో మోసి తెచ్చుచున్న వార్తలు ఏటేట చదువుచునే యున్నాము. అచ్చటికి వ్రాయవలసిన నియమావళి రేపల్లెకు వ్రాసినది కానేరదు. ఇంక మరియొకటి: రోగిని దింపి వెనుదిరిగిన టెక్నీషియనుకు, ఆ రోగి బ్రదికెనా లేదాయను వార్త చేరు మార్గమేది? అది చేరనినాడు అతడు పదియేండ్లు పనిచేసినను మొదటినాటి విద్యయే మిగులును.

ఇందుకు కొందరు ఆక్షేపణ చెప్పుదురు. ఆరోగ్యకేంద్రములకే వైద్యులు చాలక యుండగా బండ్లకు వైద్యులెక్కడ? సబబైన ప్రశ్నయే. కాని మేము బండికొక వైద్యుని కోరుటలేదు. జిల్లాకొక్కనిని కోరుచున్నాము. ఆతడు నెలకు కొన్ని రాత్రులు బండిలో తిరుగవలయును. తక్కిన దినములు చిట్టాలు చదివి, సిబ్బందికి పాఠము చెప్పి, నియమములు దిద్దవలయును. 2020 జూలై 1న విజయవాడ వీధులలో 108, 104 బండ్లు కలిపి 1,088 బారులు తీర్చినపుడు జనులు కన్నులపండువుగా చూచిరి. బండ్ల బారు చూడ సొంపుగా నుండును. నియమావళి వ్రాయు వైద్యుని ఊరేగింపు ఎవరును చూడరు. అందుచేతనే కాబోలు మొదటిదానికి పైకము దొరకును.

మన దేశమునందు ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ఎం.డి. శాఖగా 2009లోగాని గుర్తింపలేదు. 2023లో జాతీయ వైద్యమండలి, కళాశాలలకు తప్పనిసరియైన విభాగముల పట్టికనుండి ఆ శాఖను తొలగించినది. వేరు నాటిన పదునాలుగేండ్లకే నీరు మాన్పుట ఏపాటి వ్యవసాయమో ఆ పెద్దలే చెప్పవలయును. మూలశాఖకే ఇట్టి గతియైనపుడు ఉపశాఖను గూర్చి మాటాడుట తొందరపాటని కొందరనవచ్చును. మాకట్లు తోచదు. ఆసుపత్రి వెలుపలి బాధ్యత చూపినగాని లోపలి విభాగపు విలువ పాలకులకు తెలియదు.

కావున విశాఖ, గుంటూరు, కర్నూలు, ఉస్మానియా, గాంధి ప్రభుత్వ కళాశాలలలో ఎం.డి. ముగించినవారికి ఏటికి ఒకటి రెండు స్థానములతో ఈ శిక్షణ నారంభింపవలయునని మా కోరిక. ఫెలోషిప్ అను పేరు నేడు చౌకయైనది. ప్రైవేటు ఆసుపత్రులు కొన్ని తక్కువ జీతమునకు యువవైద్యునిచే రాత్రికాపలా చేయించుకొని చేతికొక కాగితమిచ్చుటకును ఆ పేరే వాడుచున్నవి. అట్టిది మాకక్కరలేదు. ప్రభుత్వ పరీక్షయు, ప్రభుత్వ గుర్తింపును ఉండవలయును. శిక్షణ ముగించినవానికి జిల్లా అంబులెన్సుల నియమావళిపై చట్టబద్ధమైన అధికారముండవలయును. బండ్లు నడపు కంపెనీతో చేసికొను ఒడంబడికలో, ఎన్ని నిమిషములకు బండి చేరెనను షరతుతో బాటు, ఆ వైద్యుని మాటకు లోబడుదుమను షరతు చేర్చవలయును. ఈ రెండవ షరతు లేనిచో ఆతడు జీతగాడగునేగాని పూచీదారుడు కాడు.

2015 జూలై 14న రాజమహేంద్రవరమునందు గోదావరి పుష్కరముల తొలినాడే పుష్కరఘట్టమున త్రొక్కిసలాట జరిగి, 27 మందికి తక్కువ కాకుండ యాత్రికులు మరణించిరి. గుమికూడిన జనములోనికి బండి చొరదు. ఊపిరాడక పడిపోయినవానికి కావలసినది బండి కాదు, ఆ పది అడుగుల దూరములో నున్న శిక్షితహస్తము. జనసమ్మర్దమును ముందే అంచనావేసి వైద్యకేంద్రములను నెలకొల్పుట ఫెలోల చదువులో ఒక భాగము. పండ్రెండేండ్లకు వచ్చు ఆ పుష్కరము మరల 2027లో. దానికై ఉత్తరువులు వెలువడునపుడు రేవు రేవునకును బందోబస్తు పోలీసు అధికారి పేరుండును, ఈతగాండ్ర పేరులుండును, పారిశుద్ధ్యపు గుత్తదారు పేరు సైతముండును. ఆ కాగితముమీద, వారి ప్రక్కన, రేవు వైద్యమునకు పూచీపడు వైద్యుని పేరునుగూడ చదువగోరుచున్నాము.