మాస్టర్ గారిని చూసి చేర్పించండి



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "బాబుని కరాటేలో చేర్పిద్దామనుకుంటున్నాం మేడమ్, బ్లాక్ బెల్ట్ రావడానికి ఎన్నేళ్లు పడుతుంది?" నేను ఇంగ్లిష్ టీచర్‌ని, కరాటే మాస్టర్‌ని కాదు. అయినా ఈ విషయం మీతో మాట్లాడాలనిపించింది. ఎందుకంటే బెల్టు గురించి ఇంతమంది అడుగుతున్నారు గానీ, నేర్పే మనిషి గురించి అడిగేవారు చాలా తక్కువ.

నిజానికి బెల్టుల పద్ధతి కరాటేలో మొదట లేనే లేదు. అది జూడో నుంచి వచ్చింది. 1882లో కోడోకాన్ స్థాపించిన జిగోరో కానో, ఆ మరుసటి ఏడాది శిష్యులకు 'డాన్' అనే స్థాయిలు ఇవ్వడం మొదలుపెట్టారు. డాన్ సాధించినవారు నల్ల బెల్టు కట్టుకోవడం కొన్నేళ్ల తర్వాత వచ్చింది. ఆకుపచ్చ, నీలం వంటి రంగులు ఇంకా తర్వాత యూరప్ జూడో క్లబ్బుల్లో వ్యాపించాయి. కరాటేలో మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చింది గిచిన్ ఫునాకోషి, 1924లో, టోక్యోలో. అప్పటికి ఆయన వయసు 55. చిన్నతనం నుంచి సాధన చేస్తూ వచ్చిన ఆయనకు మాత్రం ఆయన గురువులు ఏ బెల్టూ ఇవ్వలేదు.

ఫునాకోషి మనకు దగ్గరి మనిషే. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఆయన బడిపంతులు. పగలు పిల్లలకు పాఠాలు చెప్పి, రాత్రిపూట లాంతరు పట్టుకుని గురువు అజాతో ఇంటికి నడిచి వెళ్లేవారు. పెరట్లో సాధన. పంచ్‌లు, కిక్‌లు, అడుగులు ఒక వరుసలో కూర్చిన అభ్యాసాన్ని 'కాటా' అంటారు. ఒకే కాటాను నెలల తరబడి చేయించేవారు. గురువుకు తృప్తి కలిగేదాకా తర్వాతి దాని ఊసే ఉండేది కాదు. మూడు టెక్కి కాటాలు నేర్చుకోవడానికి తనకు 10 ఏళ్లు పట్టిందని ఆయనే రాసుకున్నారు.

ఇప్పుడు మన సంగతి ఆలోచించండి. మన పిల్లవాడు ఆర్నెల్లుగా అదే కాటా చేస్తున్నాడంటే మనమేమంటాం? "నెలనెలా ఫీజు కడుతున్నాం, కొత్తదేమీ నేర్పరా?" అంటాం. ఈ మాట వినీవినీ మాస్టర్లు కూడా మూడు నెలలకో గ్రేడింగ్, గ్రేడింగ్‌కో ఫీజు, సర్టిఫికెట్‌తో ఒక ఫొటో పెట్టేస్తున్నారు. తప్పంతా వాళ్లదే అనలేం.

బెల్టులు వద్దని నేను అనడం లేదు. ఏడేళ్ల పిల్లకి ముందున్న మెట్టు కంటికి కనబడాలి. మేమూ క్లాసులో స్టార్లు ఇస్తాం, యూనిట్ టెస్టులు పెడతాం. కానీ ఎవరూ ఎప్పుడూ ఫెయిల్ కాని గ్రేడింగ్ పరీక్ష కాదు, రసీదు. ఒక పేరాగ్రాఫ్‌ను మూడోసారి తిరగరాయమంటే విసుక్కోకుండా కూర్చునే పిల్లలు ప్రతి సెక్షన్‌లో కొందరు ఉంటారు. ఏడాది తిరిగేసరికి వాళ్ల ఇంగ్లిష్‌లో వచ్చే తేడా నాకు స్పష్టంగా కనిపిస్తుంది. మంచి మాస్టర్ దగ్గర పిల్లలకు అలవడేది ఈ ఓపికే.

కరాటేను బడిలోకి తెచ్చింది ఫునాకోషి మరో గురువు అంకో ఇతోసు. 1901 ప్రాంతంలో ఒకినావా ప్రాథమిక పాఠశాలలో నేర్పడం ప్రారంభించారు. పిల్లలకు అందేలా పినాన్ అనే ఐదు కాటాలు కూర్చారు. 1908లో అక్కడి విద్యాశాఖకు ఒక లేఖ రాశారు. టీచర్ ట్రైనింగ్ విద్యార్థులకు కరాటే నేర్పితే, వాళ్లు ఊరూరా బడుల్లో పిల్లలకు నేర్పగలరన్నది అందులో ఒక సూచన. బీఎడ్ చదివిన నాకు అది చాలా నచ్చింది. కరాటేను ఆయన ఒక చదువుగా చూశారు, టీచర్ చేతుల్లో పెట్టాలనుకున్నారు.

జపాన్‌లో కరాటే గురువునూ, స్కూల్ టీచర్‌నూ ఒకే మాటతో పిలుస్తారు: సెన్సేయ్. మన దగ్గర ఫ్లెక్సీల మీద 'గ్రాండ్ మాస్టర్' అని కనిపిస్తుంది. ఆ బిరుదును నిజంగా సంపాదించుకున్న పెద్దలు ఉన్నారు. అయితే దాన్ని ఇవ్వడానికి అందరూ ఒప్పుకున్న ఒకే సంస్థ అంటూ లేదు. కాబట్టి ఫ్లెక్సీని పక్కన పెట్టి కొన్ని విషయాలు మీరే చూసుకోవాలి.

మొదటిది, ఆయన ఎవరి దగ్గర, ఎన్నేళ్లు నేర్చుకున్నారో అడగండి. మంచి మాస్టర్ తన గురువు పేరు సంతోషంగా చెబుతారు.

రెండోది, క్లాసు జరుగుతున్నప్పుడు తల్లిదండ్రులను కూర్చోనిస్తారా? వద్దంటే కారణం ఏదైనా సరే, ఆలోచించాల్సిందే. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో.

మూడోది, శిక్షలు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. బడిలో టీచర్ చెయ్యెత్తితే ఊరుకోని మనం, సాయంత్రం క్లాసులో మాస్టర్ కర్రతో కొడితే "డిసిప్లిన్ కోసమేలే" అని సర్దుకోకూడదు. కఠినంగా సాధన చేయించడం వేరు, కొట్టడం వేరు.

నాలుగోది, పిల్లల్లో వచ్చే మార్పు. మొదటి దెబ్బ మన చేతి నుంచి రాకూడదన్నది ఫునాకోషి తన శిష్యులకు పెట్టిన నియమాల్లో ఒకటి. ఇంట్లో తమ్ముడి మీద, క్లాసులో పక్కవాడి మీద కిక్‌లు ప్రయోగిస్తుంటే ఆ విషయం మాస్టర్‌కి చెప్పండి. ఆయన నవ్వేసి వదిలేస్తే, నేర్పాల్సింది ఇంకా నేర్పలేదన్నమాట.

చివరగా ఒక విన్నపం. ఎనిమిదో తరగతికి రాగానే ఫౌండేషన్ కోర్సుల పేరుతో చాలామంది పిల్లలు ఇవన్నీ మానేస్తున్నారు. ఆడపిల్లలైతే ఇంకా ముందే. "బ్లాక్ బెల్ట్ వచ్చేసింది కదా, ఇక చాలు" అనేవారూ ఉన్నారు. మొదటి బ్లాక్ బెల్ట్‌ను జపనీస్‌లో 'షోదాన్' అంటారు. ఆ మాటకు అర్థం మొదటి మెట్టు అని.

కేరళలో వడకర దగ్గర మీనాక్షి అమ్మ అనే కలరిపయట్టు గురువు ఉన్నారు. ఏడేళ్ల వయసులో సాధన మొదలుపెట్టారు. పెద్దమనిషి కాగానే ఆడపిల్లలను కలరి మాన్పించడం ఆ రోజుల్లో మామూలు. ఆమె ఆసక్తి చూసి తండ్రి మాన్పించలేదు. 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆమె కలరిలో ఫీజు ఇంత అని ఉండదు, శిష్యులు ఇచ్చే గురుదక్షిణే. అలాంటి చోటు మన కాలనీలో దొరక్కపోవచ్చు. కానీ ఆ తండ్రి తీసుకున్న నిర్ణయం మనమూ తీసుకోగలం. వారానికి రెండు గంటలు చదువుకు అడ్డం రావు. రోజంతా బెంచీ మీద కూర్చునే పిల్లలకు ఆ రెండు గంటలు ఎంత అవసరమో ఆఖరి పీరియడ్‌లో వాళ్ల ముఖాలు చూసే మాకు తెలుసు.

ఈ నెలలో ఒక సాయంత్రం వీలు చేసుకుని, మీ పిల్లలు నేర్చుకునే చోటుకు వెళ్లండి. క్లాసు అయిపోయేదాకా కూర్చోండి. ముందు వరుసలో బాగా చేసే పిల్లలను ఏ మాస్టరైనా మెచ్చుకుంటారు. చివరి వరుసలో తడబడుతున్న పిల్లవాడి దగ్గరకు ఆయన ఎన్నిసార్లు వెళ్తున్నారో, ఏ గొంతుతో సరిదిద్దుతున్నారో చూడండి. ఫీజు కట్టడమా, మానడమా అన్నది ఆ తర్వాత నిర్ణయించుకోండి.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం