ఏమరుపాటు ఎవరిది?

ప్రమాదం అనే మాటను మనం రోజుకు పదిసార్లు వాడుతూ ఉంటాము. బస్సు ప్రమాదం, రైలు ప్రమాదం, అగ్నిప్రమాదం. తెలుగులో దానికి అపాయమనీ, జరగరానిది జరగడమనీ అర్థం స్థిరపడిపోయింది. కాని సంస్కృతంలో ఆ మాటకు ఉన్న అర్థం వేరు. పరాకు, ఏమరుపాటు - అదీ ప్రమాదమంటే. 'అప్రమత్తంగా ఉండండి' అన్నప్పుడు ఆ పాత అర్థమే మనకు తెలియకుండా మన నోట పలుకుతూ ఉంటుంది. ఏమరుపాటు వల్ల వచ్చే అపాయానికి ఏమరుపాటు పేరే పెట్టుకున్నామన్నమాట. క్లాసులో ఈ సంగతి చెబితే పిల్లలు తలలూపి రాసుకుంటారు. పరీక్షకు రాదని తెలిస్తే రాసుకోరు. అది వేరే సంగతి.

ఈమధ్య ఈ పాఠం చెబుతుండగా, మెదక్ వైపునుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న కుర్రవాడొకడు వెనక బెంచీలోంచి లేచాడు. "అట్లయితే సార్, మాసాయిపేటల ప్రమాదం ఎవరిది?" అన్నాడు.

ఆ ప్రశ్నకు గంట కొట్టేలోగా జవాబు చెప్పడం నావల్ల కాలేదు. చదువరులకు ఆ అవసరం లేదు గనక తాపీగా చెబుతాను.

2014 జూలై 24, గురువారం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండు నెలలైనా నిండలేదు. తూప్రాన్‌లో కాకతీయుల పేరు పెట్టుకున్న ఒక ప్రైవేటు బడి ఉండేది. ఆ బడి బస్సు ఉదయం ఇస్లాంపూర్, గుండ్రెడ్డిపల్లి, కిష్టాపూర్ వంటి పల్లెలు తిరిగి పిల్లలను ఎక్కించుకున్నది. బస్సులో ముప్పైమందికి పైగా పిల్లలు. తొమ్మిది దాటి కొన్ని నిమిషాలైంది. మాసాయిపేట దగ్గర రైలుపట్టాలు దాటాలి. అక్కడ గేటు లేదు, గేటుమనిషి లేడు. నాందేడు నుంచి సికింద్రాబాదు వెళ్ళే పాసింజరు బండి వచ్చి బస్సును కొట్టింది. కనీసం 14 మంది పిల్లలు పోయారు. డ్రైవరూ, క్లీనరూ కూడా పోయారు. ఒకే ఇంట ఇద్దరేసి పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులున్నారు. గాయపడిన పిల్లలను సికింద్రాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి తరలించారు. పుస్తకాల సంచులూ, టిఫిను డబ్బాలూ పట్టాల పక్కన చెల్లాచెదరై పడివున్న ఫొటోలు మరునాటి పత్రికల్లో వచ్చాయి. అంతకంటే ఆ రోజును వర్ణించబోను.

రోజూ నడిపే డ్రైవరు ఆ రోజు రాలేదు. బదులుకు మరొకడు వచ్చాడు. అతను ఫోనులో మాట్లాడుతున్నాడని పత్రికలు రాశాయి. తప్పు బస్సు డ్రైవరుదేనని రైల్వేవారు మొదటినుంచీ అన్నారు. అలా అనడానికి వారికి చట్టం చేతిలోనే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 131వ సెక్షను చదివి చూడండి. కాపలాలేని రైలుదాటు దగ్గరికి వచ్చిన డ్రైవరు బండి ఆపాలి. కండక్టరో క్లీనరో ఉంటే అతను దిగి, పట్టాల దాకా నడిచివెళ్ళి, ఇటూ అటూ చూసి, రైలు రావడంలేదని తేల్చుకుని, ముందు నడుస్తూ బండిని దాటించాలి. అలాంటి మనిషి లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. మాసాయిపేట బస్సులో క్లీనరు ఉన్నాడు. అతను దిగి పదడుగులు నడిచి ఉంటే చాలు.

సెక్షను బాగానే ఉంది. దాన్ని పాటించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మా ధర్మసాగర్‌లో బడిబస్సు నడిపే ఒకాయన చెరువుకట్ట దగ్గర బండి ఆపుకుని టీ తాగుతుంటే ఈ సెక్షను సంగతి ఎత్తాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "దిగి చూడాల్నని లైసెన్సు అప్పుడు ఎవ్వలు చెప్పలేదు సార్. చెప్పినా ఏం లాభం? తొమ్మిదింటికి బెల్లు. ఇరవై ఊర్ల కాడ ఆగాలె. ఒక తల్లి పిల్లకు జడేస్తనే ఉంటది, నేను హారను కొడుతనే ఉంట. అయిదు నిమిషాలు ఆలిశ్యమైతే ప్రిన్సిపాలు నన్నే అంటడు, ఆ తల్లిని అనడు" అన్నాడు. కాసేపాగి, "మాసాయిపేట ఆయన తప్పు జేసిండు సార్. నేను కాదన. గని ఆ తొవ్వ మీద ఆయన కంటే ముందు ఎంతమంది డ్రైవర్లు దిగకుండనే దాటిన్రో లెక్క ఉన్నదా?" అన్నాడు.

లెక్క అన్నాడు గదా, ఆ లెక్క దగ్గరికే వస్తున్నాను.

మనదేశంలో పెద్ద రైలు ప్రమాదం జరిగితే రైల్వే భద్రతా కమిషనరు విచారణ జరుపుతాడు. చాలామందికి తెలియని విశేషమేమంటే, ఆయన రైల్వేశాఖ కింద పనిచేసే అధికారి కాడు. విమానాల శాఖ కింద ఉంటాడు. రైళ్ళు నడిపేవారే రైలు ప్రమాదాలను విచారించడం భావ్యం కాదని 1941లోనే ఆ అధికారులను రైల్వేబోర్డు చేతిలోంచి తప్పించారు. తెల్లదొరల కాలంలో జరిగిన మంచిపనుల్లో దీన్నొకటిగా నేను లెక్కవేస్తాను. విచారణలో సాక్షులను పిలుస్తారు, ఇంజను వేగం చూస్తారు, ఈల వేశాడా లేదా అని అడుగుతారు, హెచ్చరిక బోర్డులున్నాయా అని చూస్తారు. ఎవరి తప్పో తేల్చి రాస్తారు. ఇదంతా జరగవలసిందే. కాని ఏ విచారణ అయినా సాధారణంగా ఆ ఉదయపు కొన్ని నిమిషాల చుట్టూనే తిరుగుతుంది. ఆ నిమిషాల్లో పట్టాల దగ్గర ఉన్నవాడు డ్రైవరొక్కడే. అంచేత తప్పు అతని దగ్గరే ఆగుతుంది. పైగా అతను చనిపోయాడు, బదులు చెప్పుకోలేడు.

అక్కడ గేటు ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు జవాబు ఆ నిమిషాల్లో దొరకదు. రైల్వే దస్తరాల్లో దొరుకుతుంది.

ఏ దాటు దగ్గర గేటూ మనిషీ పెట్టాలో నిర్ణయించడానికి రైల్వేకొక గుణకారం ఉంది. రోజుకు ఎన్ని రైళ్ళు పోతాయో లెక్కబెడతారు. రోడ్డుమీద ఎన్ని బళ్ళు దాటుతాయో లెక్కబెడతారు. రెంటినీ హెచ్చిస్తే వచ్చే అంకెను రైలు-వాహన యూనిట్లంటారు. అంకె పెద్దదైతే గేటుకు ముందు వరుస. చిన్నదైతే వెనక వరుస. మోటారుబండి ఒక యూనిట్టు. ఎడ్లబండీ ఒక యూనిట్టే. ఆటోరిక్షా అరయూనిట్టు. కాలినడకన పోయేవాడు లెక్కలోకి రాడు.

ఈ గుణకారం తెలివితక్కువదని నేననను. డబ్బు కొంచెమే ఉన్నప్పుడు ఎక్కడ ముందు ఖర్చుపెట్టాలో ఏదో ఒక కొలత ఉండాలి. కాని ఆ కొలతలో ముప్పైమంది పిల్లలున్న బస్సూ ఒకటే, గడ్డిమోపులు వేసుకుపోయే ఎడ్లబండీ ఒకటే. పల్లెల్లో రోడ్డు నిర్జనంగా ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బడిబస్సు వస్తుంది. అంకె పెరగదు. గేటు రాదు. ఎంత నిశ్శబ్దమైన ఊరైతే అంత వెనక వరుస అన్నమాట. ఆ నిశ్శబ్దమే డ్రైవరును మోసం చేస్తుంది. నూరుసార్లు దాటితే నూరుసార్లూ రైలు రాని చోట నూటొకటోసారి దిగి చూడాలని ఎవరికి తోస్తుంది? దానికి తోడు దూరాన ఎదురుగా వచ్చే పెద్ద వస్తువు నిజమైన వేగంకంటే నెమ్మదిగా వస్తున్నట్టు కంటికి కనిపిస్తుంది. రైలు చూస్తే బ్రేకు వేసిన వెంటనే ఆగేది కాదు. పక్కకు తప్పుకోవడం దాని చేతిలో అసలే లేదు.

గేటు లేకపోవడం కూడా తప్పు కావచ్చునా అన్నది కోర్టుకు వెళ్ళిన ప్రశ్నే. 1979లో కేరళలో ఇలాంటి కాపలాలేని దాటు దగ్గరే ఒక బస్సును రైలు కొట్టింది. నలభైమంది ప్రయాణికులు పోయారు. రైల్వేవారు, మా బాధ్యతేమీ లేదు, తప్పంతా బస్సుదేనని వాదించారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. రాకపోకలు పెరిగిన చోట గేటు పెట్టి మనిషిని ఉంచకపోవడం రైల్వే నిర్లక్ష్యమేనని 1997లో తీర్పు వచ్చింది. ప్రమాదం జరిగిన 18 ఏళ్ళకు! డ్రైవరు తప్పు డ్రైవరుకు ఉండనే ఉంది. అంతమాత్రాన రైల్వే తప్పు చెరిగిపోదు. బస్సులో కూర్చున్నవారికి రెండింటిలో దేనితోనూ సంబంధం లేదు.

ఆ తర్వాతైనా త్వరపడ్డారా అంటే, అనిల్ కకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన రైలు భద్రతా సంఘం 2012లో, దేశంలోని రైలుదాట్లన్నిటినీ అయిదేళ్ళలో తొలగించమని చెప్పింది. ఖర్చు 50,000 కోట్ల రూపాయలవుతుందని కూడా లెక్కకట్టింది. 2014 జూలై 8న సదానందగౌడగారు పార్లమెంటులో రైల్వేబడ్జెట్టు ప్రవేశపెట్టారు. కాపలాలేని దాట్లు అప్పటికింకా 11 వేలకు పైగా ఉన్నాయి. ఆ తర్వాత పదహారు రోజులకు మాసాయిపేట.

మాసాయిపేటతో ఆ కథ ముగియలేదు. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో కాపలాలేని దాటు దగ్గరే మరో బడిబండిని రైలు కొట్టింది. 13 మంది పిల్లలు పోయారు. అక్కడా డ్రైవరు చెవుల్లో ఫోను తీగలున్నాయన్నారు. అదే మాట, అదే తప్పు. కాని ఈసారి రైల్వేవారు చకచకా కదిలారు. 2018 ఏప్రిల్ నాటికి బ్రాడ్‌గేజీ మార్గాలమీద మిగిలిన 3,479 కాపలాలేని దాట్లను 2019 జనవరి 31 నాటికి పూర్తిగా లేకుండా చేశారు. కొన్నిటిని మూసేశారు, కొన్నిటికి గేటూ మనిషీ పెట్టారు, కొన్నిచోట్ల కిందినుంచి దారి తవ్వారు. పదినెలల్లో!

సంతోషించవలసిన విషయమే, నేనూ సంతోషించాను. కాని చదువరీ, ఆ పదినెలలన్న మాట నన్ను కొంతకాలం నిద్రపోనివ్వలేదు. ఇన్నేళ్ళూ డబ్బు లేదు, అంకె చాలదు, వరుస రాలేదు అంటూ వచ్చినది పదినెలల పనే అయినప్పుడు, ఏమరుపాటు అనే మాట ఆ బదులు డ్రైవరు ఒక్కడి మెడకు చుట్టి ఊరుకోవడం ధర్మం కాదు. అతను ఏమరింది కొన్ని క్షణాలు. దస్తరాల్లో ఏమరింది కొన్ని దశాబ్దాలు. మా కుర్రవాడికి నేను చెప్పదలచుకున్న జవాబు ఇదే.

పట్టాలమీద కాపలాలేని దాటు పోయింది గనక ఇక గుండెమీద చెయ్యివేసుకుని పడుకోవచ్చునా అంటే అదీ లేదు. 2022 జూలైలో మన మహబూబ్‌నగర్ దగ్గర ఏమైందో గుర్తుందా? రైలుమార్గం కిందినుంచి తవ్విన దారిలో వాననీళ్ళు నిండాయి. బడిబస్సు డ్రైవరు లోతు చూసుకోకుండా అందులోకి దింపాడు. బస్సు ఆగిపోయింది, నీళ్ళు లోపలికి వచ్చాయి. ఊరివాళ్ళు నీళ్ళలోకి దిగి పిల్లలను ఒక్కొక్కరినే మోసుకుని బయటికి తెచ్చారు. అందరూ దక్కారు. పైన రైలు భయం పోగొట్టడానికి తవ్విన దారే కింద నీటిగుంట అయింది.

2025 జూలైలో తమిళనాడులోని కడలూరు దగ్గర జరిగింది మరీ విచిత్రం. అక్కడ గేటు ఉంది, గేటుమనిషీ ఉన్నాడు. అయినా రైలు వచ్చి బడి వ్యానును కొట్టింది; ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ గేటుకూ సిగ్నలుకూ లంకె లేదు. లంకె ఉన్నచోట గేటు పడితేగాని రైలుకు పచ్చజెండా రాదు. లేనిచోట స్టేషనునుంచి ఫోను వస్తుంది, గేటుమనిషి గేటు వేస్తాడు, అంతా ఆ ఒక్క మనిషి జాగ్రత్తమీదే నడుస్తుంది. లంకె ఎక్కడ పెట్టాలన్నదానికీ మళ్ళీ ఆ యూనిట్ల గుణకారమే కొలత. ఆ దుర్ఘటన తర్వాత ఆ కొలతను 20,000 నుంచి 10,000కు తగ్గిస్తామని ప్రకటించారు.

రైల్వేవారి సంగతి ఇంత చెప్పాను గనక ఇంటివారి సంగతీ ఒకటి చెప్పాలి. మనం బడికి వెళ్ళి ఫీజెంత, ర్యాంకులెన్ని, ఇంగ్లీషు ఎవరు చెబుతారు అని అడుగుతాము. డ్రైవరు సెలవు పెట్టిన రోజున బస్సు ఎవరు నడుపుతారని అడిగిన తండ్రి నాకు తటస్థపడలేదు. తల్లులు తటస్థపడ్డారు. పోయిన వానాకాలంలో మా వాడకట్టు తల్లులు నలుగురు కలిసి తమ పిల్లలు చదివే బడికి వెళ్ళి, "బదులొచ్చేటాయన ఎవరు? ఆయనకు తొవ్వ తెలుసా? ఆయన ఫోను నంబరు ఇయ్యుండ్రి" అని అడిగారు. బడివారు ముందు ముఖం చిట్లించారు. నాలుగు రోజులకు ఆ పేరూ నంబరూ రాసిన కాగితం బస్సు తలుపు పక్కన అంటించారు. వానకు తడిసి అది ఊడిపోయింది. తల్లులు మళ్ళీ వెళ్ళారు. ఈసారి రేకుమీద రంగుతో రాయించారు.