గుండెపోటు వచ్చాక లక్షలు, రాకముందు రూపాయి కూడా లేదా?

మీ ఆరోగ్య బీమా పత్రం తీసి మినహాయింపుల పేజీ ఒకసారి చదవండి. కేవలం పరీక్షల నిమిత్తం ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు చెల్లించబోమని అందులో రాసి ఉంటుంది. అదే మనిషి గుండెపోటుతో అంబులెన్సులో వెళితే స్టెంటుకూ, ఐసీయూకూ కలిపి లక్షలు చెల్లిస్తారు. ఈ లెక్క ఎవరి మేలు కోరి వేశారో నాకు నేటికీ బోధపడలేదు.

నేను జిల్లా ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో, ఒక తెల్లవారుజామున ఒక ఉపాధ్యాయుణ్ణి తీసుకువచ్చారు. యాభై ఏళ్లు నిండలేదు, మధుమేహం ఉంది. అప్పటికే ప్రాణం పోయింది. ఆయన భార్య నా చేతిలో పెట్టిన కాగితం నెల తిరగకముందు తీయించిన ఈసీజీ. నార్మల్ అని ఉంది. ఈసీజీలో తప్పేమీ లేదు. విశ్రాంతిగా ఉన్న గుండె ఆ క్షణంలో ఎలా ఉందో అంతవరకే అది చెప్పగలదు. ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా రక్తనాళం బాగా ఇరుకైన తరువాతే పట్టి ఇస్తుంది. కానీ అంతగా ఇరుకుకాని చోట కూడా, నాళం గోడలోని కొవ్వు పొర చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది.

ఆ గోడలో ఏళ్ల తరబడి పేరుకున్న సున్నాన్ని చూపే పరీక్ష కాల్షియం స్కాన్. నరంలోకి మందు ఎక్కించనక్కరలేని సీటీ స్కాన్, కొద్ది నిమిషాల పని. ఆర్థర్ అగాట్‌స్టన్ బృందం 1990లో ప్రకటించిన లెక్కింపు పద్ధతినే నేటికీ అనుసరిస్తున్నాం. స్కోరు సున్నా వస్తే, పొగతాగడం, మధుమేహం వంటివి లేనివారు మాత్రల విషయంలో కొంతకాలం ఆగవచ్చు. వంద దాటితే స్టాటిన్ వాడడానికి ఇక తటపటాయించవలసిన పని లేదు.

మన పిల్లలెందరో స్థిరపడ్డ టెక్సాస్ రాష్ట్రం 2009లోనే దీనికి చట్టం చేసింది. 45 నుంచి 76 ఏళ్ల పురుషులు, 55 నుంచి 76 ఏళ్ల స్త్రీలలో మధుమేహం గానీ, మధ్యస్థ స్థాయికి తగ్గని గుండెజబ్బు ముప్పు గానీ ఉన్నవారికి ఐదేళ్లకొకసారి 200 డాలర్ల వరకు బీమా సంస్థ చెల్లించాలి.

దీనికి అభ్యంతరం చెప్పేవారున్నారు, వారి మాటలోనూ పస ఉంది. 65 నుంచి 74 ఏళ్ల పురుషులపై డెన్మార్క్‌లో జరిపిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. ఈ స్కాన్‌తో పాటు మరికొన్ని పరీక్షలకు పిలిచినవారిలో మరణాలు ఐదు శాతం తక్కువగా కనిపించినా, గణాంకశాస్త్రం దాన్ని నిశ్చయంగా అంగీకరించలేదు. అందుకే అందరికీ స్కాన్ తీయమని నేను అనను. ముప్పై ఏళ్ల కుర్రవాడికి ప్యాకేజీ అంటగట్టే స్కానింగ్ సెంటర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికే స్టెంటు ఉన్నవారికి దీనితో పనే లేదు. అడుగుతున్నది మధ్యవయస్సు దాటి, ముప్పు మధ్యస్థంగా ఉండి, మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని వైద్యుడు తేల్చుకోలేని వారికోసం. అమెరికా హృద్రోగ నిపుణుల 2018 మార్గదర్శకాలు ఈ పరీక్షను సూచించినదీ ఇటువంటివారికే. దక్షిణాసియా సంతతివారు కావడాన్నే ముప్పు పెంచే అంశంగా లెక్కించినవీ అవే.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కేంద్ర కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. వైద్యుడు చీటీ రాసిన ఇటువంటివారికి ఐదేళ్లకొకసారి ఆసుపత్రిలో చేరకుండానే ఈ స్కాన్ ఖర్చు చెల్లించాలని అది ఆదేశించాలి. 2007 నుంచి పేదల గుండె ఆపరేషన్లకు డబ్బు కడుతున్న ఆరోగ్యశ్రీలోనూ దీన్ని చేర్చాలి. మీ పాలసీ పునరుద్ధరణకు వచ్చినప్పుడు ఈ కోరికను రాతపూర్వకంగా పంపండి, జవాబు కూడా రాతలోనే అడగండి.