పసుపు దీపం వాంగ్మూలం

కారు తాళం తిప్పగానే ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలగడం, ఇంజను అందుకోగానే ఆరిపోవడం మామూలే. గత వేసవిలో మా పదేళ్ళ నాటి పెట్రోలు కారులో ఆ దీపం ఆరడం మానేసింది. విజయవాడలో ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాను. స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలించి, 'పీ0171' అని చదివి, "ఆక్సిజన్ సెన్సరు పోయిందండీ" అన్నారు. సెన్సరు మార్చారు, కోడ్ చెరిపేశారు, దీపం ఆరింది. నాలుగు రోజులకు మళ్ళీ వెలిగింది.

అప్పుడుగాని ఆ కోడ్‌కు అర్థమేమిటని నేను వెతకలేదు. పెట్రోలు సరిగా కాలాలంటే బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఆ మిశ్రమంలో గాలి ఎక్కువైందని మాత్రమే పీ0171 చెబుతుంది. గాలి దొంగదారిన చొరబడి ఉండవచ్చు. గాలిని కొలిచే సెన్సరు మురికిపట్టి తక్కువ చూపిస్తూ ఉండవచ్చు. పెట్రోలు పంపు నీరసించి ఉండవచ్చు. ఆక్సిజన్ సెన్సరు తాను చూసినది చెప్పిన సాక్షి. మేము ఆ సాక్షినే ఉరితీశాము!

తరువాత ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన చేతిలోనూ అలాంటి స్కానరే ఉంది. కానీ కోడ్ చూసి ఆగిపోలేదు. దీపం వెలిగిన క్షణాన ఇంజను వేగమెంత, వేడి ఎంత అన్నది కంప్యూటరు భద్రపరిచి ఉంచుతుంది, దాన్ని చదివారు. లోటు పూడ్చడానికి కంప్యూటరు ఎంత శాతం పెట్రోలు అదనంగా పోస్తోందో చూశారు. బండి నిలబడి ఉన్నప్పుడు అది ఇరవై రెండు శాతం. ఇంజను వేగం 2500కు పెంచితే అయిదు. చిల్లు ఒకటే. నెమ్మదిగా తిరిగే ఇంజను పీల్చే గాలి తక్కువ గనుక, అందులో దొంగగాలి వాటా ఎక్కువ. బానెట్ ఎత్తి చెవి ఒగ్గి విన్నారు. ఒక సన్నని రబ్బరు గొట్టాన్ని పట్టకారుతో నొక్కగానే అంకె దిగివచ్చింది. గొట్టం పగిలింది, అంతే.

ఇది స్కానరు మీద నేరారోపణ కాదు. అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయ్యాక, ఏ కంపెనీ కారైనా ఇటువంటి లోపాలను ఒకే భాషలో చెప్పే ఏర్పాటు వచ్చింది. అది గొప్ప సౌకర్యం. వాంగ్మూలాన్ని తీర్పుగా చదవడమే చిక్కు. కెటలిటిక్ కన్వర్టరు సామర్థ్యం తగ్గినట్టుందని పీ0420 చెబితే, ఒక్కోసారి తప్పు పొగగొట్టంలోని లీకుది కావచ్చు. కన్వర్టరు మార్చితే జేబుకు పడే చిల్లు మాత్రం చాలా పెద్దది. ఇక విచారణ లేకుండా కోడ్ చెరిపేయడమంటే, దానితోపాటు దాచిన వివరాలనూ పోగొట్టుకుని, సాక్ష్యాన్ని తగలబెట్టుకోవడమే.

అయితే తప్పంతా వర్క్‌షాపులదేనా? కాదని నా అభిప్రాయం. గంటసేపు వెతికినందుకు ఎంత ఇమ్మంటారని అడిగితే ఆ పెద్దాయన గొట్టం ఖరీదు మాత్రం చెప్పి, "పార్టు వేస్తే డబ్బులిస్తారు గానీ, చూసినందుకు ఎవరిస్తారండీ?" అన్నారు.

నాకు సిగ్గేసింది. అక్కరలేని సెన్సరుకు వేల రూపాయలు మారుమాట లేకుండా చెల్లించినవాణ్ణి నేనే. ఆలోచనకు కూలి ఇవ్వని చోట ఆలోచన ఎందుకు మిగులుతుంది? విడిభాగాల అమ్మకమే మిగులుతుంది. ఈసారి మీ కారులో ఆ దీపం వెలిగితే, "ఏది మార్చాలి?" అనడానికి ముందు "ఎందుకు వెలిగింది?" అని అడగండి. ఆ జవాబు వెతికినవారి శ్రమకు విడిగా డబ్బివ్వండి. నేను ఆ రోజు ఇచ్చాను. ఆయన చాలాసేపు తీసుకోలేదు.