అద్దె దండగేనా? లెక్కేశాకే చెప్పండి!

ఆఫర్‌ లెటర్‌ చేతికొచ్చిన కొద్దిరోజులకే ఇంట్లో ఓ మాట వినిపిస్తుంది. ‘నెలనెలా అద్దె దండగ. ఆ డబ్బేదో ఈఎంఐ కడితే ఇల్లు మనదవుతుంది కదా!’ ప్రేమతో చెప్పే మాటే. కానీ ఇది మీ ఇరవై ఏళ్ల జీతాన్ని ముందే రాసిచ్చే నిర్ణయం. బిల్డర్‌ చెప్పేది ధర మాత్రమే. అసలు విలువెంతో మీరే తేల్చుకోవాలి.

అడుగు ఎంత పడుతోంది?

1,500 చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు రూ.6 వేలు, మొత్తం రూ.90 లక్షలు అన్నారనుకోండి. ఆ 1,500లో బయటి గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్టు, కారిడార్‌ వాటా అన్నీ కలిపేస్తారు. గదుల్లో మీరు వాడుకునే కార్పెట్‌ ఏరియా 1,000 అడుగులే అయితే, నిజానికి అడుగుకు రూ.9 వేలు కడుతున్నట్టు. 2016 నాటి రెరా చట్టం కార్పెట్‌ ఏరియాను స్పష్టంగా నిర్వచించింది. రెండు ఫ్లాట్లను పోల్చాలంటే ఆ అంకెతోనే పోల్చండి. మీ పేరిట ఎన్ని గజాల స్థలం వాటా వస్తుందో కూడా అడగండి. కట్టడం పాతబడినా స్థలం విలువ మిగులుతుంది.

అద్దె చెప్పే నిజం

అదే అపార్ట్‌మెంట్‌లో అలాంటి ఫ్లాటుకు అద్దె ఎంతో కనుక్కోండి. నెలకు రూ.22 వేలు అనుకుంటే ఏడాదికి రూ.2.64 లక్షలు. అంటే ధరలో మూడు శాతం కూడా లేదు. రూ.72 లక్షల లోను 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు రూ.62,500. అందులో మొదటి నెల రూ.51 వేలు వడ్డీకే పోతుంది! మిగతా రూ.18 లక్షలు, రిజిస్ట్రేషన్‌ ఖర్చులు చేతి నుంచే పెట్టుకోవాలి.

అద్దెలు పెరుగుతాయి, నిజమే. ఇంటి ధరా పెరగొచ్చు. పెరగకపోతే? ఈలోగా బెంగళూరులోనో పుణెలోనో మంచి అవకాశం వస్తే? ఈఎంఐ భయంతో దాన్ని వదులుకుంటే, ఆ నష్టం ఏ బ్రోచర్‌లోనూ కనిపించదు.

కాగితాలు సరిగ్గా లేకపోతే విలువ సున్నా

2024లో హైదరాబాద్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్‌, బఫర్‌ జోన్లలోని కట్టడాలను హైడ్రా కూల్చినప్పుడు, ‘రిజిస్ట్రేషన్‌ అయింది, బ్యాంకు లోను కూడా ఇచ్చింది’ అంటూ కొన్నవాళ్లు లబోదిబోమన్నారు. రిజిస్ట్రేషన్‌ అయినంత మాత్రాన అన్నీ సవ్యంగా ఉన్నట్టు కాదు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, నిర్మాణ అనుమతులు, చెరువుల మ్యాపు చూడండి. వీలైతే సొంతంగా లాయర్‌కు చూపించండి.

500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిదికి మించి ఫ్లాట్లతోనో కడుతుంటే, అమ్మకానికి ముందే రెరా రిజిస్ట్రేషన్‌ ఉండాలి. ఆ నంబరు లేని ‘ప్రీలాంచ్‌ ఆఫర్‌’ ఎంత చవకైనా దూరం పెట్టండి. నంబరున్నా సరే, సేల్‌ అగ్రిమెంట్‌ రిజిస్టర్‌ కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు.

ఈసారి ఇంట్లో ‘అద్దె దండగ’ అంటే వాదనకు దిగకండి. ఒక కాగితంపై కార్పెట్‌ ఏరియా, అద్దె, ఈఎంఐ రాసి నాన్న ముందు పెట్టండి. ఆ లెక్క చూశాక కూడా కొనాలనిపిస్తే, నిశ్చింతగా కొనండి.