పాత ఫిల్టర్ చేతికివ్వమని అడగండి

పిడుగురాళ్లలో కాపురం ఉండేవాళ్లకు సున్నం గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. బట్టీల పొగ, రాతిపొడి, నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద రాత్రింబవళ్లు తిరిగే లారీలు లేపే దుమ్ము, ఇవన్నీ కలిస్తేనే మా ఊరి గాలి. నేను దాచేపల్లి వైపు ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. రోజూ కారు నేనే నడుపుకుంటూ వెళ్తాను. అద్దాలెత్తి ఏసీ వేస్తే చాలు, లోపలికి దుమ్ము రాదని మా స్టాఫ్ రూమ్‌లో చాలామంది ధీమా. ఏసీ గాలి వచ్చే దారిలో, డ్యాష్‌బోర్డు వెనక, మడతలు మడతలుగా క్యాబిన్ ఫిల్టర్ అనేది ఒకటి ఉంటుందనీ, అది నిండిపోతే ఆ ధీమాకు అర్థం లేదనీ వాళ్లలో ఎక్కువమందికి తెలియదు. ఇంజిన్‌కు వేసే ఎయిర్ ఫిల్టర్ వేరు, ఇది వేరు. అది ఇంజిన్ పీల్చే గాలిని వడకడుతుంది, ఇది మనం పీల్చే గాలిని.

ఒకసారి కారు సర్వీసుకిచ్చాను. బిల్లులో క్యాబిన్ ఫిల్టర్‌కు ఒక లైను, అది మార్చిన కూలికి ఇంకో లైను ఉన్నాయి. ఇంటికొచ్చి తీసి చూస్తే పాతదే ఉంది. గాలికొట్టి దులిపి మళ్లీ అదే పెట్టారు. తిరిగి వెళ్లి అడిగితే కౌంటర్‌లో కుర్రాడు, "ఇవన్నీ మీకెందుకు మేడమ్, సార్‌ని పంపండి, మాట్లాడతాం" అన్నాడు. డబ్బు తిరిగిచ్చారు. కానీ ఆ మాట మాత్రం నేను మరిచిపోలేదు. కారు నా పేరు మీద ఉంది, నడిపేది నేను, ఆ గాలి పీల్చేది నేను. సార్‌తో మాట్లాడాల్సిన పనేముంది ఇందులో?

అప్పటి నుంచి ఆ పని నేనే చేసుకుంటున్నాను. చాలా చిన్న కార్లలో దీనికి పనిముట్టే అక్కర్లేదు. ఎడమ సీటు ముందున్న గ్లవ్ బాక్స్ ఖాళీ చేయాలి. మూత తెరిచి, రెండు పక్క గోడలనూ లోపలికి నొక్కితే పెట్టె మొత్తం కిందికి వాలుతుంది. కొన్నింటిలో పక్కన చిన్న తాడులాంటిది పట్టి ఉంచుతుంది, ముందు దాని కొక్కెం తీయాలి. వెనక సన్నగా, పొడుగ్గా ఒక ప్లాస్టిక్ మూత కనపడుతుంది. క్లిప్పులు నొక్కి మూత తీస్తే ఫిల్టర్ అంచు చేతికి తగులుతుంది. బయటికి లాగేముందు దాని మీది బాణం గుర్తు ఎటు చూస్తోందో చూసుకోవాలి, కొత్తదాన్నీ అలాగే పెట్టాలి. ఆ చుట్టుపక్కల పసుపు రంగు వైర్లు, కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోవద్దు. అవి ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి మెకానిక్ మాత్రమే వెళ్లాలి.

మా కారులోంచి తీసిన ఫిల్టర్‌ను పదో తరగతి పిల్లలకు చూపించాను. కొన్నప్పుడు తెల్లగా ఉన్న మడతలు బూడిద రంగుకు తిరిగాయి. మడతల అడుగున సున్నం పొడి వానాకాలపు చెమ్మకు తడిసి, ఆరి, పెచ్చు కట్టింది. గోటితో గీకినా రాలలేదు. పై అంచున వేపాకు ఈనెలు, ఒక పురుగు రెక్క. సున్నానికి నీరు, గాలి తగిలితే ఏమవుతుందో రసాయనశాస్త్రంలో చదివిన పిల్లలు ఆ పెచ్చును చూసి తామే సమాధానం చెప్పారు. గాలికొడితే ఇది శుభ్రమవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. పైపొడి ఎగిరిపోతుంది, లోపలిది ఉండిపోతుంది. గాలి గట్టిగా కొడితే ఆ పలచని పొర చిరుగుతుంది కూడా. నీళ్లతో కడగడం ఇంకా తప్పు.

నిండిన ఫిల్టర్‌తో నష్టం తుమ్ములు, దగ్గులతో ఆగదు. బ్లోయర్ నాలుగో నంబర్ మీద పెట్టినా గాలి రెండో నంబర్‌లా వస్తుంది. వానలో ముందు అద్దానికి ఆవిరి పట్టినప్పుడు దాన్ని తుడిచేది ఆ గాలే. గాలి చాలకపోతే ఆవిరి పోదు, ఎదురుగా లారీ వస్తున్నా దారి కనపడదు. మామూలు ఫిల్టర్ అతి సన్నని కణాలన్నింటినీ ఆపలేదు. నల్లగా ఉండే కార్బన్ రకం వాసనలను కొంత పట్టుకుంటుంది. రెండింటిలో ఏదైనా సరే, టైముకు మార్చాలి. సాధారణంగా ఏడాదికోసారి లేదా పది పదిహేను వేల కిలోమీటర్లకు మార్చమంటారు. మాలాంటి దుమ్ము ఊళ్లలో, తాండూరు నాపరాయి పాలిష్ యూనిట్ల దగ్గర, కొత్తగూడెం బొగ్గు లారీల దారుల్లో అంతకంటే ముందే తీసి చూడాలి. ఇంకో సంగతి. కొన్ని మోడళ్ల తక్కువ ధర రకాల్లో ఆ అర ఖాళీగానే వస్తుంది, ఫిల్టర్ ఉండదు. మీ కారులో ఉందో లేదో ముందు అది చూడండి. కొత్త ఫిల్టర్ నాకు బయట షాపులో మూడు వందల లోపే దొరికింది.

ఫిల్టర్ ఒక్కటే కాదు, కారు లోపలి పైకప్పు లైటు బల్బు కూడా మనమే మార్చుకోవచ్చు, అది ఇంతకంటే తేలిక. లైటు ఆపి, బల్బు చల్లారనిచ్చి, గాజులా ఉండే మూతను ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా ఎత్తాలి. చాలా కార్లలో రెండు చివర్లా లోహపు టోపీలున్న గొట్టం లాంటి బల్బు ఉంటుంది. పొడవు కొలుచుకుని అదే సైజు, అదే 5 వాట్లది తేవాలి. వెలుగు ఎక్కువ కావాలని పెద్ద వాట్లది పెడితే ఆ వేడికి మూత కరుగుతుంది. ఎల్‌ఈడీ పెడితే వెలగకపోవచ్చు, తిప్పి పెడితే వెలుగుతుంది. బల్బు 5 వాట్లను బ్యాటరీ 12 వోల్టులతో భాగిస్తే సుమారు 0.4 ఆంపియర్. రాత్రంతా ఆ లైటు మరిచిపోతే పది గంటల్లో నాలుగు ఆంపియర్ అవర్లు పోతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొత్తదైతే తట్టుకుంటుంది, పాతదైతే తెల్లారి స్టార్ట్ కాదు. విద్యుత్ పాఠంలో ఇంతకంటే మంచి లెక్క నాకు దొరకలేదు.

ఇలాంటి పనులు మనమే చేసుకోవడం, నచ్చినచోట చేయించుకోవడం హక్కు కూడా. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ పెట్టింది, అందులో వాహనాలనూ చేర్చింది. మంచిదే. కానీ ఢిల్లీలో పెట్టిన హక్కు పిడుగురాళ్ల దాకా రావాలంటే మన భాషలో రావాలి. నా కారుతో ఇచ్చిన పుస్తకం పూర్తిగా ఇంగ్లిషులో ఉంది. ఫిల్టర్, బల్బు, ఫ్యూజు, వైపర్, టైరు మార్చడం, ఈ అయిదు పనులకు బొమ్మలతో కొన్ని తెలుగు పేజీలు వేయడం లక్షల రూపాయలకు కారు అమ్మే కంపెనీకి భారం కాదు. దాన్ని తప్పనిసరి చేయాలి. మార్చిన ప్రతి పాత భాగాన్నీ, మనం వద్దంటే తప్ప, యజమాని చేతికివ్వాలన్న నియమాన్ని ప్రతి సర్వీస్ సెంటర్ గోడ మీద తెలుగులో రాయించాలి.

అది జరిగేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ ఆదివారం గ్లవ్ బాక్స్ తెరిచి మీ ఫిల్టర్ ఒకసారి బయటికి తీసి చూడండి. మీకు వీలు కాక సర్వీసుకిస్తే, బిల్లు కట్టే ముందు పాత ఫిల్టర్ చూపించమని అడగండి. అడిగేది ఆడవాళ్లయినా సరే, జవాబు అడిగినవాళ్లకే చెప్పాలని గట్టిగా చెప్పండి.